ఒరోయా చేరనివాళ్ళు

సిడ్నీకి వాయవ్య దిశలో ఉన్న స్కోఫీల్డ్స్ మీదుగా రిచ్‌మండ్ రైలుమార్గం పడింది 1864లో. ఆ ప్లాట్‌ఫారం మీద తెలుగు మాటలు వినిపించడం మాత్రం ఈమధ్య కాలపు ముచ్చట. సాయంత్రం నాలుగున్నర దాటాక అక్కడి బెంచీ మీద ఒక పెద్దాయన కూర్చుని ఉంటాడు. ఎక్కవలసిన బండి ఏదీ లేదు, దిగవలసిన మనిషీ లేడు. కొడుకు ఈ ఊళ్ళో వైద్యుడు. ఏటా నాలుగైదు నెలలు విశాఖపట్నం నుంచి వచ్చి కొడుకు దగ్గర ఉంటాడు. ఉద్యోగకాలమంతా కొత్తవలస–కిరండూల్ మార్గంలో గూడ్సు బళ్ళకు గార్డుగా పనిచేసినవాడు. సిడ్నీ రైళ్ళకు ఇప్పటికీ వెనుక పెట్టెలో గార్డు ఉంటాడని మొదటిరోజే కనిపెట్టాడు. ఆ ఒక్క సంగతితో ఈ దేశం మీద ఆయనకు గౌరవం ఏర్పడింది.

ఆయనకు డెబ్భై అయిదేళ్ళు నిండబోతున్న సందర్భంలో కోడలు ఒక ఆలోచన చేసింది. మామగారిని దక్షిణ అమెరికా తీసుకువెళ్ళాలి. పెరూ దేశంలో టిటికాకా సరస్సు ఒడ్డునున్న పూనో నుంచి ప్రాచీన ఇన్కా రాజధాని కుస్కో వరకు, ఆండీస్ పర్వతాల మీదుగా రోజంతా సాగే పర్యాటకుల రైలు ఉంది. పెద్ద పెద్ద అద్దాలు, వెనుక చివర ఆరుబయట నిలబడి చూసే వరండా, భోజనం, సంగీతం. జీవితమంతా బండి వెనుక నిలబడి కొండలు చూసిన మనిషికి ఇంతకంటే తగిన కానుక ఏముంటుంది? పెద్దాయన బ్రోచరు చూసి ఏమీ అనలేదు. మర్నాడు మాత్రం, "ఆ లైను గేజి ఎంతరా?" అని కొడుకును అడిగాడు. అది ఒప్పుకోవడమేనని ఇంట్లో అందరికీ అర్థమయింది.

అర్థమయినా ఒప్పుకోలేనివాడు వైద్యుడొక్కడే. గార్డుపెట్టెలో ముప్పై ఏళ్ళు కాల్చిన బీడీలు తండ్రి ఊపిరితిత్తులలో జమఖర్చు రాసుకుని ఉన్నాయి. సముద్రమట్టానికి పెద్ద ఎత్తులేని స్కోఫీల్డ్స్‌లోనే ఆయన వేలికి పరికరం తగిలిస్తే ప్రాణవాయువు శాతం తొంభైమూడు చూపిస్తుంది. విమానంలో క్యాబిన్ ఒత్తిడి రెండువేల మీటర్ల పైచిలుకు ఎత్తుకు సమానంగా ఉంటుంది. అందులోనే ఆయన ఆయాసపడుతూ వచ్చాడు. పూనో 3,800 మీటర్ల ఎత్తున ఉంది. దారిలో దాటవలసిన లా రాయా కనుమ ఎత్తు 4,300 మీటర్ల పైమాట. అక్కడ గాలిలో ప్రాణవాయువు పాలు తగ్గదు, ఇక్కడిలాగే ఇరవై ఒక్క శాతమే. తగ్గేది గాలి ఒత్తిడి. అందువల్ల ఒక్కో శ్వాసకు దక్కేది సముద్రతీరంలో దక్కేదానిలో ఆరు పాళ్ళే. ఆరోగ్యవంతులకే తలనొప్పి, వాంతులు, నిద్రలేమి కలిగే చోటు. అక్కడివాళ్ళు దానిని సొరోచె అంటారు, కోకా ఆకుల కషాయం తాగిస్తారు. చెడిపోయిన ఊపిరితిత్తులకు కషాయాలు చాలవు.

ఇతర రోగులకైతే ఈ మాట రెండు నిమిషాలలో చెప్పి పంపేవాడు. తండ్రికి చెప్పడం కోసం పుస్తకాలు తిరగేశాడు. చాలామంది వైద్యులు చేసే పనే ఇది, నోటితో చెప్పలేనిదానికి ఆధారాలు వెతుక్కోవడం. అలా వెతుకుతూ ఉంటే పర్యాటకుల రైలు పక్కకు పోయి, దానికి చాలా ఉత్తరాన ఉన్న మరో మార్గం ముందుకు వచ్చింది.

అది పెరూ సెంట్రల్ రైల్వే. లీమా పక్కనున్న కయావ్ రేవులో సముద్రపుటొడ్డున బయలుదేరి, సుమారు 170 కిలోమీటర్లలో 4,781 మీటర్ల ఎత్తునున్న గలేరాకు చేరుతుంది. ఉదయం ఉప్పుగాలి పీల్చిన మనిషి అదే పగలు మంచు శిఖరాల మధ్య ఉంటాడు. 2006లో టిబెట్ రైలు వచ్చేదాకా ప్రపంచంలో ప్రయాణికుల రైళ్ళు ఎక్కిన అత్యంత ఎత్తైన చోట్లలో ఇదొకటి. 1870లో పని మొదలుపెట్టినవాడు హెన్రీ మీగ్స్ అనే అమెరికన్. శాన్‌ఫ్రాన్సిస్కోలో అప్పులపాలై 1854లో రాత్రికి రాత్రి ఓడలో పారిపోయి, చిలీ దేశంలో రైలుమార్గం వేసి మళ్ళీ ధనవంతుడైన గుత్తేదారు. కొండల మీద దారి గీసినవాడు ఎర్నెస్ట్ మాలినోవ్‌స్కీ, స్వదేశం పోగొట్టుకుని వచ్చిన పోలండు ఇంజనీరు. దారి పొడవునా 69 సొరంగాలు, 58 వంతెనలు, ఆరు జిగ్‌జాగ్‌లు. కొండ మరీ నిటారుగా ఉండి వలయం తిప్పడానికి చోటు లేని దగ్గర బండి ఒక మొండి పట్టా మీదికి వెళ్ళి ఆగుతుంది, వెనుక పాయింట్లు మారుస్తారు, అక్కడినుంచి వెనక్కు నడుస్తూ పై మెట్టు ఎక్కుతుంది. చరిత్ర పుస్తకాలలో ఈ ఇద్దరి పేర్లూ ఉన్నాయి. కొండను తొలిచింది పెరూ, చిలీ దేశాల కూలీలు, ఒప్పందపు కాగితాల మీద ఓడలలో దిగిన చైనావాళ్ళు.

1871లో ఆ కూలీల శిబిరాలలో ఒక జ్వరం పుట్టింది. మనిషి రెండు మూడు వారాలలో తెల్లకాగితంలా పాలిపోయేవాడు. ఎర్రకణాలు ఒంట్లోనే చితికిపోయేవి. వేలమంది చనిపోయారు. జ్వరం ఎక్కువగా మాటువేసిన లోయ పేరు వెరూగస్, అంటే పులిపిరులు. ఆ నీళ్ళు తాగితే ఒంటి మీద ఎర్రటి పులిపిరులు లేస్తాయని స్థానికులు ఎంతోకాలంగా చెప్పుకునేవారు. పులిపిర్లు వచ్చినవాళ్ళు బతికేవారు, జ్వరం వచ్చినవాళ్ళు పోయేవారు. రెండింటికీ సంబంధం ఉందా లేదా అన్నది ఎవరికీ తెలియదు. ఆ లోయ మీదనే 1873లో 77 మీటర్ల ఎత్తున ఇనుప వంతెన నిలబెట్టారు. అప్పటికి ప్రపంచంలోని ఎత్తైన వంతెనలలో అదొకటి.

జ్వరానికి వైద్యులు పెట్టిన పేరు ఒరోయా జ్వరం. లా ఒరోయా ఆ రైలుమార్గం చేరవలసిన ఊరు, కొండలకు ఆవలి వైపున 3,700 మీటర్ల ఎత్తున ఉంది. రోగాన్ని మోసే ఇసుక ఈగ అంత ఎత్తున బతకదు. ఒరోయాలో ఒరోయా జ్వరం లేదు. "ఒరోయా లైను" పనివాళ్ళకు వచ్చింది కనుక ఆ పేరు. 1877లో మీగ్స్ మరణించాడు, ఖజానా ఖాళీ అయింది, తరువాత చిలీతో యుద్ధం వచ్చింది. పట్టాలు ఒరోయా చేరేసరికి 1893. జ్వరంతో పోయినవాళ్ళలో ఎవరూ ఆ ఊరు చూడలేదు. వాళ్ళు చేరని ఊరి పేరు మాత్రం వాళ్ళ చావుకు నిలిచిపోయింది.

వైద్యుడు కాలేజీలో బార్టొనెల్లా అనే పేరు ఒక పరీక్ష కోసం బట్టీపట్టి, మర్నాడు మరచిపోయినవాడు. ఇప్పుడు ఆ పేరు వెనుకనున్న కథను తండ్రికి వరసగా రెండు రాత్రులు చెప్పవలసి వచ్చింది.

డానియల్ అల్సిడెస్ కారియోన్ 1857లో సెర్రో దె పాస్కో అనే గనుల ఊళ్ళో పుట్టాడు. అదీ ఆ కొండల మీదిదే, 4,300 మీటర్ల ఎత్తు. లీమాలో వైద్య విద్యార్థి. పులిపిర్ల రోగం ఒంట్లో ప్రవేశించాక మొదటి లక్షణాలు ఏమిటో ఎవరూ క్రమంగా రాసిపెట్టలేదు. అది తెలుసుకోవాలనుకున్నాడు. 1885 ఆగస్టు 27న దోస్ దె మాయో ఆసుపత్రిలో, పద్నాలుగేళ్ళ రోగి ముఖం మీది పులిపిరి నుంచి తీసిన రక్తాన్ని తన చేతులలోకి ఎక్కించుకున్నాడు. గురువులూ స్నేహితులూ వద్దన్నారు. మూడు వారాలు ఏమీ కాలేదు. తరువాత జ్వరం. చేతనైనన్నాళ్ళు తన నాడిని, నొప్పులను, పాలిపోవడాన్ని తానే రాసుకున్నాడు. చేయి ఆడనప్పుడు రాయడం స్నేహితులకు అప్పగించాడు. పులిపిర్లు రాలేదు. వచ్చింది ఒరోయా జ్వరం. పులిపిరి రక్తం నుంచి ఆ జ్వరం పుట్టిందంటే రెండూ ఒకటే. తేల్చదలచుకున్న దానికంటే పెద్ద విషయం తేలిందని పడకమీద ఉండగానే గ్రహించాడు. అక్టోబరు 5న మరణించాడు. ఇరవై ఎనిమిదేళ్ళు. అతనికి సహాయపడిన వైద్యుడి మీద హత్యానేరం కింద విచారణ జరిగింది.

ఇరవై ఏళ్ళ తరువాత పెరూ వైద్యుడు అల్బెర్తో బార్టన్ ఎర్రకణాలలో ఆ సూక్ష్మజీవిని చూశాడు. 1913లో హార్వర్డ్ నుంచి వచ్చిన బృందం మాత్రం అవి రెండు వేరు వేరు రోగాలని తీర్మానించి వెళ్ళిపోయింది. కారియోన్ మాట నిజమని ప్రయోగశాలలో రుజువయ్యేసరికి మరో పన్నెండేళ్ళు పైగా పట్టింది. వర్తమానంలో వెరూగస్ వంతెనకు కారియోన్ పేరు ఉంది. పెరూ దేశంలో అక్టోబరు 5 వైద్యుల దినం.

ఇంతా విని పెద్దాయన అడిగినది వేరు. "ఆ పిల్లాడు ఎక్కించుకున్న రోగం పట్టాలు వేసినవాళ్ళదేనా?" అవునన్నాడు కొడుకు. "మా దగ్గర దాన్ని మన్యం జ్వరం అనేవాళ్ళం," అన్నాడాయన. మన్యం జ్వరం మలేరియా. ఈగ కాదు, దోమ. అయినా మాట సరిపోతుంది, అక్కడా జ్వరానికి చోటి పేరే పెట్టారు. ఆయనకు మూడుసార్లు వచ్చింది.

కొత్తవలస–కిరండూల్ మార్గం గురించి కొడుక్కి తెలిసింది అరకు సెలవులే. 2017 నుంచి అద్దాల పెట్టె తగిలించారని, బొర్రా గుహల స్టేషనులో కోతులుంటాయని, సిమిలిగూడ వెయ్యి మీటర్లకు మూడు నాలుగు తక్కువ ఎత్తున ఉండి ఒకప్పుడు దేశంలో బ్రాడ్‌గేజికి అన్నిటికంటే ఎత్తైన స్టేషనని. తండ్రికి తెలిసిన మార్గం వేరు. బైలదిల్లా కొండల ఇనుప ఖనిజం జపానుకు కావలసి వచ్చి 1960లలో వేసిన లైను అది. ఎవరూ కిటికీలోంచి చూడటానికి వేసింది కాదు. 58 సొరంగాలలో ప్రతి ఒక్కటీ ఖనిజం కోసం తొలిచిందే. నిండు బండి దిగువకు వస్తుంది, ఖాళీ బండి పైకి వెళుతుంది. బరువు కిందికి తోస్తూ ఉంటే బ్రేకులు పట్టుకుని ఘాట్ దింపడమే ఆయన జీవితం. వానాకాలం రాత్రులు లాంతరు పట్టుకుని, రాళ్ళు విరిగిపడ్డాయేమోనని బండి కంటే ముందు నడిచిన గ్యాంగ్‌మన్‌ల పేర్లు ఆ రాత్రి వరుసగా చెప్పాడు. ముప్పై ఏళ్ళలో కొడుకు ముందు ఆ పేర్లు చెప్పడం అదే మొదలు.

రైలుమార్గాల చరిత్ర అంతా కూలీల కన్నీళ్ళే అనడం కూడా సోమరి మాటే. ఆ లైను లేకపోతే ఆ కొండల రోగులు విశాఖపట్నం ఆసుపత్రికి చేరే దారి ఎంత ఆలస్యమయ్యేదో పెద్దాయనే చెబుతాడు. గార్డుపెట్టెలో పురిటి నొప్పుల మనిషిని తెచ్చిన రోజు ఒకటుంది ఆయనకు. ఆండీస్ రైలు కూడా వైద్యశాస్త్రానికి ఊరికే పోలేదు. 1921–22లో జోసెఫ్ బార్‌క్రాఫ్ట్ అనే శరీరశాస్త్రవేత్త ఆ మార్గంలోనే ఒక సామాను పెట్టెను ప్రయోగశాలగా మార్చుకుని సెర్రో దె పాస్కో వెళ్ళాడు. ఎత్తున బతికేవాళ్ళు శరీరంలోనూ మనసులోనూ తగ్గినవాళ్ళేనని రాశాడు. దానికి మండిపడిన కార్లోస్ మోంగె అనే లీమా వైద్యుడు కొండవాళ్ళ రక్తాన్ని ఏళ్ళ తరబడి పరిశీలించి, వాళ్ళు ఆ గాలికి ఎలా అలవాటుపడ్డారో చూపించాడు. ఎత్తు వల్ల దీర్ఘకాలంలో వచ్చే రోగానికి ఇప్పటికీ ఆయన పేరే. తండ్రిని ఆపడానికి మొదలుపెట్టిన చదువు ఇంతదూరం వచ్చి ఆగింది.

నిర్ణయం మాత్రం మిగిలే ఉంది. ఆ వారాంతం కుటుంబమంతా లిత్‌గో దగ్గర జిగ్‌జాగ్ రైలుకు వెళ్ళారు. స్కోఫీల్డ్స్ నుంచి బ్లూ మౌంటెన్స్ దాటి ఆవలివైపు. జాన్ విట్టన్ అనే ఇంజనీరు 1869లో పూర్తిచేసిన మార్గం, మూడు రాతి వంతెనలు, సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్లు. అంటే సిమిలిగూడ ఎత్తు. 1910లో సొరంగాల దారి వచ్చాక మూలబడి, తరువాత ఔత్సాహికుల చేతిలో బతికింది. దశాబ్దం మూతపడి, ఆ కాలంలోనే కార్చిచ్చులో దెబ్బతిన్న దానిని 2023లో మళ్ళీ తెరిచారు. మొండి పట్టా మీద బండి ఆగి, వెనక్కు కదలగానే పెద్దాయన లేచి నిలబడ్డాడు. "చూశావా, ఇప్పుడు గార్డు ముందున్నాడు," అన్నాడు మనవరాలితో. పై మెట్టు దాకా కూర్చోలేదు. దిగాక కారుదాకా నడిచేసరికి రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకున్నాడు. కొడుకు చూస్తున్నాడని ఆయనకు తెలుసు. వేలి పరికరం ఆ రోజు ఎవరూ బయటికి తీయలేదు.

కారులో ఆయనే అడిగాడు. "లీమా ఎంత ఎత్తురా?"

"సముద్రం పక్కనే, నాన్నా. విశాఖపట్నం లాగానే."

"ఆ పిల్లాడి ఆసుపత్రి?"

"లీమాలోనే. ఇంకా నడుస్తోంది. సమాధి కూడా ఆ ఆవరణలోనే ఉంది."

ఆ రాత్రి కోడలు టికెట్లు మార్చింది. సిడ్నీ నుంచి సాంటియాగో మీదుగా లీమాకు నలుగురికి. పూనో నుంచి కుస్కో వరకు రైలుకు ఇద్దరికే, ఆమెకూ కూతురికీ. ఆ నాలుగు రోజులు తండ్రీ కొడుకులు లీమాలో ఉంటారు.