ఒంటి తలుపు విమానము

బండి యెక్కుటలో మన యిండ్లలోని ఆడువారికి ఒక క్రమమున్నది. పెద్దలు ముందు, పిల్లలు తరువాత, మూటలు ఆ తరువాత, అన్నియు సర్దిన పిదప ఇల్లాలు. దిగునప్పుడును అంతే. అందరును దిగిరా, చెంబు మరచిరా యని వెనుకకు చూచి చూచి కడపట దిగుట మన అలవాటు. ఎడ్లబండి, రైలు, బస్సు, గోదావరి లాంచి, అన్నిటను మేమిట్లే యెక్కి దిగినవారము. ఈ క్రమము చెల్లని వాహన మొకటి కలదని మొన్నటి వేసవి సెలవులలో అమెరికాలో తెలిసికొంటిమి.

మా తమ్ముడు ఒహయో రాష్ట్రమున డేటను నగరమునకు దగ్గరలో కాపుర మున్నాడు. బడికి సెలవు లిచ్చినందున మావారును మేమును మా అమ్మగారిని వెంటబెట్టుకొని పోయి అతని యింట నెలదినము లుంటిమి. డేటను రైటు సోదరులు సైకిళ్ళ దుకాణము నడుపుచు విమానమును కనిపెట్టిన ఊరు. ఆ గాలి సోకినదేమో, తమ్ముడును తీరిక వేళల విమానము నడుపుట నేర్చి, అనుమతిపత్రము పొంది, ముగ్గురు మిత్రులతో కలిసి ఒక పాత విమానమును కొనినాడు. పైపర్ చెరొకీ దాని పేరు. 1961 మొదలు ఆ జాతి విమానములు వేలకొలది తయారైనవట. ముందు ఇద్దరు, వెనుక ఇద్దరు కూర్చుండవచ్చును. లోపల మన అంబాసిడరు కారుకంటె ఇరుకు.

ఒక ఆదివారమున ఉత్తరముగా నున్న అర్బనా యను చిన్న పట్టణమునకు పోయివత్త మనెను. బయలుదేరుటకు ముందే ఒక చిక్కు. ఎవరి బరువెంతో చెప్పవలెనట! ఆడువారిని బరువడుగు వాహనమును మేమిదివరకు చూడలేదు. చెప్పక తప్పినది కాదు. నలుగురి బరువును, పెట్రోలును, మా పులిహోర డబ్బాను కూడి, ఇది మోయగలదు గాని తనకు మనసొప్పుట లేదని తమ్ముడు చెప్పెను. మావారు వెంటనే తప్పుకొనిరి. "గురువులు నేలమీద నుండుటయే ఛందస్సునకు మంచిది. లఘువులు ఎగురవచ్చును" అని నవ్విరి. మా అమ్మగారు లఘువు కారన్న సంగతి అల్లుడుగారికి తెలియనిది కాదు.

విమానాశ్రయము పట్టణమునకు దక్షిణమున రైటు సోదరుల పేరనే యున్నది. తమ్ముడు తన విమానమును తట్టి, తడవి, నూనె చూచి పరీక్షించుచుండగా, మేము అక్కడి యొక కొట్టములో రైటు సోదరుల బి రకపు విమానమును పోలించి కట్టిన యంత్రమును చూచితిమి. దానికి తలుపు లేదు, గోడ లేదు. రెక్క అంచున కూర్చుండి కాళ్ళు వ్రేలాడవేయుటయే. 1908 అక్టోబరులో ఫ్రాన్సు దేశమున ఈడిత్ బర్గు అను అమెరికా ఇల్లాలు విల్బరు రైటు ప్రక్కన కూర్చుండి యెగిరినప్పుడు, పరికిణీ గాలికి లేవకుండ కాళ్ళచుట్టు త్రాడు బిగించుకొనెనట. రైటు సోదరుల చెల్లెలు కేథరిను డేటను ఉన్నత పాఠశాలలో లాటిను చెప్పిన పంతులమ్మ. ఆమెయు 1909లో ఫ్రాన్సులోనే తొలిసారి యెగిరినది. వారి తండ్రిగారిని 1910 మే 25న ఆర్విలు దాదాపు 7 నిమిషములు ఆకసమున త్రిప్పినాడు. అప్పటి కాయనకు 80 ఏండ్లు దాటినవి. మోకాళ్ళ నొప్పి యని అంతవరకు సందేహించుచున్న మా అమ్మగారు ఇది వినగానే, "నాకు అరువది రెండే గదా" అని కుచ్చెళ్ళు ఎగదోపుకొనిరి.

ఇక ఎక్కుట. ఈ విమానమునకు రెక్కలు క్రిందుగా నుండును. తలుపు ఒక్కటే, అదియు కుడిప్రక్కన రెక్కమీదికి తెరచుకొనును. కావున లోపలికి పోవలెనన్న ముందు రెక్క నెక్కవలెను. రెక్కకు వెనుక వైపున, విమానపు పొట్టక్రింద, చిన్న యినుప మెట్టు వ్రేలాడుచుండును. పైన చేతికందునట్లు ఒక పిడి యుండును. ఎడమకాలు మెట్టుపై, చేయి పిడిపై, కుడికాలు రెక్కపై. రెక్క అంతయు త్రొక్కుటకు కాదు. పొట్ట నానుకొని ఉప్పుకాగితమువలె గరుకైన నల్లని పట్టీ యొకటి అతికియుండును, దానిమీదనే నడువవలెను. రెక్క వెనుక అంచున ఫ్లాపు అను కదలెడు పలక కలదు. అది పూర్తిగా పైకి మడిచి యున్నపుడే మనిషి బరువు నోర్చును, క్రిందికి దించియున్నపుడు ఓర్వదు. అందుచేత తమ్ముడు దానిని ముట్టవలదనియే చెప్పెను. విమానపు ముక్కున పంకా యున్నది గనుక, దిగినపిదప వెనుకకే గాని ముందునకు ఒక్క అడుగైనను వేయరాదనియు ఆనతిచ్చెను.

అమ్మగారిని ముందెక్కించితిమి. ముందు సీటును ముందునకు జరిపి, తల వంచి, ఒక కాలు లోపల పెట్టి, రెండవది తీసికొనుటకు ఆమె రెండుమార్లు శ్రీరామ యనవలసి వచ్చినది. ఆ పిమ్మట తమ్ముడు లోనికి దూరి, కుడి సీటు మీదుగా జరిగి ఎడమ సీటునకు చేరెను. నడుపువానికి వేరు దారి లేదు. కడపట మేము. తలుపు మావంతునకు వచ్చినది. దానికి గడియలు రెండు: ప్రక్కన నొకటి, నడినెత్తిన నొకటి. రెండును వేయవలెను, తీయునప్పుడు రెండును తీయవలెను. ఈ సంగతి బయలుదేరకముందే చెప్పుట అక్కడి నియమమట. తమ్ముడు మాచేత రెండుమార్లు తీయించి వేయించి చూచెను.

"చోటు చాలినంత మాత్రమున పుష్పకమగునా, ఇది పద్మవ్యూహము. చొచ్చుట అయినది, వెలువడుట యెట్లురా?" అని వెనుకనుండి అమ్మగా రనిరి.

"అక్కయ్య చేతిలో నున్నదమ్మా" అని తమ్ముడు బదులు చెప్పెను. మేమది పరిహాస మనుకొంటిమి.

ప్రయాణము అరగంట. జీనియా, స్ప్రింగ్‌ఫీల్డు పట్టణముల మీదుగా పోయితిమి. మే మాసమగుట క్రింద దున్నిన చేలును, అప్పుడే మొలకెత్తు చేలును గళ్ళచీర పరచినట్లుండెను. అర్బనా విమానాశ్రయము గ్రైమ్సు పేర నున్నది. విమానముల దీపములను తయారుచేసి పేరుపొందిన వారెన్ గ్రైమ్సు ఆ యూరివాడే. అక్కడి ఫలహారశాల పై అను తీపి వంటకమునకు ప్రసిద్ధి. దానిని తినుటకే చుట్టుప్రక్కలనుండి చిన్న విమానములు దిగుచుండును.

నేల దిగి, యంత్ర మాపి, తమ్ముడు రెండు సీట్ల నడుమ నున్న పొడుగాటి మీట నడచి ఫ్లాపును పైకి మడిచెను. "ఇక దిగు" మనెను. మేము అలవాటు చొప్పున వెనుదిరిగి, "అమ్మా, ముందు నీవు రా" అని కూర్చుంటిమి. ఆమె కదలుటకు వీలులేదు, ముందు మా సీటున్నది. తమ్ముడు కదలుటకు వీలులేదు, మధ్య మేమున్నాము. ఒకరి నొకరు చూచుకొని ముగ్గురమును నవ్వితిమి. నవ్వు ఆగినపిదప తమ్ముడు మెల్లగా, "అక్కయ్యా, ఒకవేళ ఏ చేలోనో దిగవలసివస్తే, నీవు మమ్ములను చూస్తూ కూర్చోరాదు. నీవు దిగనిదే అమ్మ దిగలేదు, నేను దిగలేను. సంచి వద్దు, చెప్పు వద్దు. తలుపు తీసి నీవు ముందు బయట పడాలి" అనెను.

ఆ మాట మాకు చేదుగా నుండెను. కన్నతల్లిని వెనుక నుంచి ముందు దూకుటయా! ఫలహారశాల వెలుపల బల్లపై పులిహోర తినుచున్నంతసేపును అదియే తలపు. అమ్మగారు పై ముక్కను ముట్టలేదు. పిండిలో ఏ క్రొవ్వు కలియునో యని ఆమె సందేహము. మేము మాత్రము ఆపిలు పండ్లది ఒక ముక్క తింటిమి. రుచిగానే యుండెను.

తిరుగు ప్రయాణమున జరిగినది దాచకుండ చెప్పెదము. మేము కూర్చుండి రెండు గడియలును వేసితిమి. తమ్ముడు చేయి చాచి రెంటిని తడవి చూచెను. పిమ్మట అతడు పటమును చూచుకొనుచుండగా, మా పైటకొంగు చెరగు తలుపు సందున చిక్కి వెలుపల నున్నట్లు కనుగొంటిమి. అతనికి చెప్పక తలుపు తీసి, కొంగు లాగుకొని, మరల మూసితిమి. ప్రక్క గడియ వేసితిమి. నెత్తిమీది గడియ వేయలేదు.

విమానము నేల విడిచిన కొన్ని క్షణములకు తలుపు పైభాగము ఫట్టున నోరు తెరచెను. రెండు వ్రేళ్ళ సందే. కాని ఆ హోరు ప్రళయకాలపు గాలి! కాగితములు లేచినవి. అమ్మగారి రామనామము హెడ్‌సెట్టులో గట్టిగా వినవచ్చెను. మా చేయి తలుపుమీదికి పోయినది. "ముట్టకు" అనెను తమ్ముడు. అంత శాంతముగా ఆతడు మాటాడుట మేమెన్నడును వినలేదు. "విమానము బాగానే ఎగురుతున్నది. కొంగు ఒడిలో పెట్టుకో" అని మరి తలుపు వంక చూడనైన చూడలేదు. మెల్లగా ఒక చుట్టు చుట్టి ఆ బాటమీదనే దించెను. అయిదు నిమిషములు పట్టెనేమో, మాకు ఒక జాము గడచినట్లుండెను.

ఆగిన పిదప వివరించి చెప్పెను. ఆ తలుపు ముందు అంచున మడతబందులతో బిగించియున్నందున ఎదురుగాలి దానిని మూయవైపునకే నెట్టుచుండును, కొంచెము తెరచుకొని అట్లే నిలుచును. తలుపు వలన ప్రమాదము తక్కువ, దానిని మూయు తొందరలో నడుపువాడు నడుపుట మరచుటయే ప్రమాదమట. "బయలుదేరేముందు మరొకసారి చూడవలసినది నేను. తప్పు నాది" అనెను. కాదు, మాది. చెప్పక తీసినవారము మేము. ఈ తగవు తీరకముందే అమ్మగారు, "మీ వాదములు ఇంట చూచుకొనుడు. అమ్మాయీ, గడియ వేయి" అనిరి. వేసితిమి. పైది ముందు, ప్రక్కది తరువాత. తమ్ముడు చూచెను. అమ్మగారును వెనుకనుండి మెడ చాచి చూచిరి.

డేటనులో దిగునప్పటికి ప్రొద్దు వాలినది. కంచె కావల మావారు గొడుగు పట్టుకొని నిలిచియుండిరి. యంత్రమాగెను, ఫ్లాపు పైకి మడిగెను. ఎవరును చెప్పకయే పై గడియ, ప్రక్క గడియ తీసి, వెనుదిరిగి చూడక రెక్కమీదికి వచ్చితిమి. సీటు ముందునకు జరిపి చేయి చాచితిమి. ఆ చేతికి అమ్మగారు పులిహోర డబ్బా నందించిరి.

"డబ్బా అక్కడనే యుండనిమ్ము, ముందు నీవు రా" అంటిమి.

ఆమె వింతగా చూచి, డబ్బా విడిచి, మా చేయి పట్టుకొని రెక్కమీదికి వచ్చిరి. ముగ్గురమును వెనుదిరిగి, నిచ్చెన దిగినట్లు, నేలకు దిగితిమి. మావారు మా కొంగు చూచి, ఆ నల్లని చార యేమని యడిగిరి. తలుపు మడతబందు నూనె మరక యది. కుంకుడుకాయ పులుసునకును ఇంతవరకు లొంగలేదు.