జర జరగండి... సైకిలు వస్తోంది!

సినిమాలో హీరో సైకిలెక్కితే వెనకాల పాట వస్తుంది. నేను సైకిలుతో రైలెక్కితే వెనకాల తిట్లు వచ్చాయి! అవి నాకు తగినవేనని ఒప్పుకోవడానికే ఈ కథ.

2015 చలికాలం. అప్పటికింకా జిల్లాలు విడిపోలేదు. గోదావరికి ఇవతల కరీంనగర్ జిల్లా, అవతల ఆదిలాబాద్ జిల్లా. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు వచ్చాక అదే రైలు వంతెనకి ఇటు పెద్దపల్లి, అటు మంచిర్యాల అయ్యాయి. నా ప్రోగ్రాం చాలా సింపుల్. చీకటితోనే కరీంనగర్లో బయల్దేరి, పెద్దపల్లి దాకా తొక్కి, అక్కడ ప్యాసింజరెక్కి మంచిర్యాలలో దిగడం. మళ్ళీ సైకిలెక్కి లక్షెట్టిపేట మీదుగా జన్నారం పోవడం. మధ్యలో రైలెందుకంటారా? పెద్దపల్లి దాటాక రోడ్డు మీద లారీల పక్కన తొక్కే ధైర్యం లేక!

రైల్వే రూలు ఏమంటుందంటే, జనరల్ టిక్కెట్టు మీద 35 కిలోల సామాను ఉచితంగా తీసుకెళ్ళొచ్చు. కానీ ఆ లెక్కలోకి సైకిలు రాదు. దాన్ని పార్శిలాఫీసులో బుక్ చేసి, చీటీ కట్టి, బ్రేకువ్యానులో వేయాలి. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ, "గంట ప్రయాణానికి ఇంత తతంగమా!" అనుకుని సైకిలుని భుజాన వేసుకుని జనరల్ బోగీ ఎక్కేశాను. తప్పు అక్కడ మొదలైంది.

బోగీలో అప్పటికే ఇసకేస్తే రాలని జనం. కూరగాయల గంపలు, కాలేజీ కుర్రాళ్ళు, షిఫ్టుకి పోయే కార్మికులు, కిటికీ చువ్వలకి బయట కొక్కేలతో వేలాడే పాలక్యాన్లు. ఎక్కినవైపు తలుపు దగ్గర చోటు లేదు. అవతలి తలుపు ఖాళీగా కనిపించింది. దానికి ఆనించి సైకిలు నిలబెట్టి, హ్యాండిలుకి తాడు కట్టి, నేను కిటికీ పక్కకి జరిగాను. రామగుండం చిమ్నీలు కనబడుతున్నాయి. సైడింగులో బొగ్గు వ్యాగన్లు. ఇప్పుడైతే ఆ వ్యాగన్లు చూడగానే బొగ్గు రైలెక్కిన "దసరా" నాని గుర్తొస్తాడు. ఆ సినిమా 2023లో వచ్చింది కాబట్టి అప్పుడు నన్ను నేనే హీరో అనుకున్నాను!

"అన్నా, సైకిలు నీదేనా? గాడ పెట్టకు. ముందల స్టేషన్ల ప్లాట్‌ఫారం అటే వస్తది" అన్నాడు పాలాయన. రోజూ తిరిగే మనిషి. ఏ స్టేషన్లో ప్లాట్‌ఫారం ఎటువైపో ఆయనకి కళ్ళు మూసుకున్నా తెలుసు.

"తీస్తాలే అన్నా" అన్నాను. తీయలేదు.

బండి ఆగింది. సరిగ్గా ఆ తలుపువైపే ప్లాట్‌ఫారం! చంకలో జ్వరం పిల్లాడు, చేతిలో మందుల సంచీతో ఓ పెద్దావిడ దిగడానికి వచ్చింది. రాత్రంతా దవాఖానాలో ఉండి ఇంటికి పోతోందట.

"ఏంది బిడ్డా, గిట్ల అడ్డం పెడితే ఎట్ల దిగాలె?"

నేను తాడు విప్పబోతే ముడి బిగిసింది. పెడలు గంపలో ఇరుక్కుంది. వెనకనుంచి తోపులాట, తిట్లు. ప్యాసింజరు చిన్న స్టేషన్లో ఎంతసేపాగుతుంది? కూత వేసింది. పాలాయన తాడు కోసేసి సైకిలుని అమాంతం పైకెత్తాడు. ఆ సందులోంచి ఆవిడ దిగుతుంటే బండి కదిలింది. కాలు తడబడింది. కింద ఉన్న కుర్రాడొకడు పిల్లాణ్ణి అందుకుని, ఆవిణ్ణి రెక్క పట్టి లాగకపోతే... ఆ తర్వాత మాట రాయడానికి ఇప్పటికీ చెయ్యి రాదు.

మందుల సంచీని ఎవరో కిటికీలోంచి విసిరారు. బోగీలో మిగిలింది ఆవిడ చెప్పు ఒక్కటే. పాలాయన దాన్ని తీసి తువ్వాల్లో చుట్టుకున్నాడు. "రేపు ఇస్త. రోజు పొయ్యే తొవ్వనే గదా!" అన్నాడు. నన్నొక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

గోదావరి వంతెన వచ్చింది. ఫొటో తీద్దామనుకున్న వంతెన! మంచిర్యాల దాకా సైకిలుని రెండు చేతులా పట్టుకుని నిలబడే ఉన్నాను. జన్నారం రోడ్డు మీద టేకు చెట్లు నీడ పరిచాయి. అది కవ్వాల్ అడవి, 2012లో పులుల అభయారణ్యం అయింది. అందమైన దారే. కానీ తొక్కుతున్నంతసేపూ కళ్ళ ముందు ఆ ఒంటి చెప్పే.

మూడోరోజు తిరుగు ప్రయాణానికి మంచిర్యాల పార్శిలాఫీసులో బుద్ధిగా సైకిలు బుక్ చేశాను. అక్కడి పెద్దాయన చీటీ కడుతూ, "ఒకప్పుడు గీ బ్రేకువ్యాన్లనే సినిమా డబ్బాలు వచ్చేటియి. డబ్బా దిగకుంటే టాకీసుల ఆట లేదు!" అన్నాడు. చూశారా! మనం ఈలలు వేసిన హీరోలందరూ ఒకప్పుడు గార్డుగారి పక్కన పార్శిలుగా వచ్చినవాళ్ళే. (2022 నుంచి గార్డుని ట్రైన్ మేనేజర్ అంటున్నారు.) హీరోలకి లేని నామోషీ నా సైకిలుకెందుకు?

అయితే చిక్కు లేకపోలేదు. పార్శిలు సౌకర్యం ప్రతి చిన్న స్టేషన్లోనూ ఉండదు. రోజూ పనికి సైకిలు మీద పోయేవాడికి బోగీ తప్ప గతి లేదు. డెన్మార్కులో కోపెన్‌హాగెన్ లోకల్ రైళ్ళలో 2010 నుంచి సైకిలుకి చార్జీ లేదు, వేరే చోటు కూడా ఉంది. హాలెండులో రద్దీ వేళల్లో మామూలు సైకిలు ఎక్కనివ్వరు, మడతపెట్టేదైతే సరే. కొచ్చి మెట్రో కూడా 2020లో సైకిళ్ళని రానిచ్చింది. మన ప్యాసింజర్లకి ఆ భాగ్యం పట్టేదాకా మనమే జాగ్రత్త పడాలి. వీలైతే బ్రేకువ్యాను. తప్పదంటే ముందు చక్రం విప్పి, గొలుసుకి గుడ్డ చుట్టి, తలుపుకి దూరంగా పెట్టి, దాని పక్కనే నిలబడాలి. ఎక్కగానే "ప్లాట్‌ఫారం ఎటొస్తది?" అని అడగాలి. చెప్పినాయన మాట వినాలి!

అన్నట్టు, ఆ రోజే మంచిర్యాల ప్లాట్‌ఫారం మీద ఖాళీ క్యాన్లతో పాలాయన కనిపించాడు. పరుగెత్తుకెళ్ళి అడిగాను.

"ముట్టింది అన్నా, చెప్పు ముట్టింది. పోరనికి జరం గూడ తగ్గిందట. నీకో మాట చెప్పుమన్నది ముసలవ్వ."

"ఏమని?" గుండె దడదడలాడింది.

"మళ్ళోసారి వస్తే సైకిలు ఇంట్ల పెట్టి రమ్మన్నది!"