సర్దీకి మనం కొత్త

మన విశాఖవాళ్ళకి పసీనా తెలుసు, సర్దీ తెలీదు. డిసెంబర్లో కూడా పంకా తిరగాల్సిందే. అలాంటి మనం శనివారం రాత్రి పల్చటి చొక్కాలతో బైకులేసుకుని లంబసింగికి బయల్దేరతాం. దాదాపు 1000 మీటర్ల ఎత్తున్న ఊరు. కొర్రబయలు అని ఇంకో పేరుంది. రాత్రి బయటుంటే కొర్రలా బిగుసుకుపోతారని ఆ పేరుకి అర్థం చెప్తారు. పేరులోనే ఖబర్దార్ ఉన్నా వినేదెవరు?

ఘాట్ రోడ్డులో హవా కోసేస్తుంది. జాకెట్ లేకపోతే చొక్కా లోపల ఛాతీమీద పాత అఖ్బార్ మడిచి పెట్టుకోండి. మేం రాసేదానికి ఆ ఫాయిదా అయినా దక్కుతుంది.

వనజంగి మబ్బుల కోసం చీకట్లో కొండెక్కుతుంటే అక్కడా పసీనా పడుతుంది. ఎక్కేటప్పుడే స్వెటర్ విప్పి సంచిలో పెట్టుకోవాలి. పైన ఆగగానే తడి బనీను మార్చేయాలి. తడిసిన నూలుబట్ట ఒంట్లో వేడినంతా లాగేస్తుంది.

నా అసలు ఖౌఫ్ మాత్రం బొగ్గులంటే. నెగడు బయట ఎంతసేపైనా కాచుకోండి. మిగిలిన నిప్పుల్ని కుంపట్లో పోసి గుడారంలోకో, తలుపులు మూసిన గదిలోకో తెచ్చుకునేవాళ్ళున్నారు. ఆ నిప్పుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, మత్తు, ఆ తర్వాత నిద్ర. ఆ నిద్రలోంచి లేవకపోవచ్చు.

స్టీల్ ప్లాంట్లో చేసి రిటైరైన మా ఖాలూ ఈ మాటెత్తితే ఉలిక్కిపడతారు. బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర ఇదే గ్యాస్‌ని పసిగట్టడానికి మీటర్లుంటాయి. "గుడారంలో మీటర్ ఎవడు పెడతాడు బేటా?" అంటారు. పిల్లలు కొండకెళ్తున్నారంటే చాలు, ఇంకో కంబళి తెచ్చి బండికి కట్టేస్తారు.