మేము చెప్పుకోవలసిన ఒక లెక్క



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్ళు అడిగారు. వార్డెన్ సారు మంచితనం గురించి, ఆదివారం కోడికూర గురించి, పరీక్షల ముందు వరండాలో చదువుల గురించి అన్నలు ఇప్పటికే ఎంతో బాగా రాశారు. మేము ఒక కొనుగోలు గురించి రాస్తున్నాము. చిన్న విషయమే. కానీ మూడేళ్ళుగా మా మనసులో ముల్లులా ఉంది.

మేము అంటే, అప్పట్లో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతూ ఒకే గదిలో ఉన్న ఆరుగురం. మైపాడు, ఇస్కపల్లి, తుమ్మలపెంట వైపు సముద్రం పక్క పల్లెల నుంచి వచ్చినవాళ్ళం. ఆరుగురి ఇళ్ళలోనూ డిగ్రీ మెట్టు ఎక్కిన మొదటివాళ్ళం మేమే. ఇప్పుడు పీజీ చదువుతున్నాం. ఇరవై మూడేళ్ళు వచ్చాయి కాబట్టి తప్పును తప్పు అని చెప్పుకునే ధైర్యం వచ్చిందనుకుంటున్నాం.

ఆ ఏడు వార్షికోత్సవానికి పాటల కార్యక్రమం పెట్టాలనుకున్నాం. తలా వంద చొప్పున హాస్టల్ అంతా చందా వేసుకున్నాం. కొనవలసినవి రెండు: ఒక గిటార్ పెడల్, రెండు డప్పులు.

మాలో ఒకడు వాళ్ళ పల్లె చర్చిలో గిటార్ వాయించేవాడు. పెడల్ అంటే కాలితో నొక్కే చిన్న ఇనుప డబ్బా. గిటార్‌కూ స్పీకర్‌కూ మధ్య పెడితే, మెత్తటి తీగ మోత కాస్తా గర్జనలా మారుతుంది. అసలు కంపెనీది కొనాలంటే మా చందా మొత్తం పోసినా చాలదు. అచ్చం దానిలాగే మోగే కాపీ పెడల్ మూడు వేల లోపే వస్తుంది. ఏది కొనాలి?

రెండు రాత్రులు వాదించుకున్నాం. ఒకడు కాపీ అంటే దొంగతనమే అన్నాడు. ఇంకొకడు నవ్వి, "మన చదువంతా జిరాక్సు కాగితాల మీదే గదరా, అప్పుడు గుర్తు రాలేదా దొంగతనం?" అన్నాడు. ఆ మాటకు ఎవరి దగ్గరా జవాబు లేదు.

ఫోన్లు పట్టుకుని వెతికాం. 1970ల చివర జపాన్‌లో తయారై ఐబనెజ్ పేరుతో వచ్చిన ట్యూబ్ స్క్రీమర్ అనే పెడల్‌ను లోకమంతా కాపీ కొట్టిందని తెలిసింది. బాస్ పెడల్స్ తయారుచేసే రోలాండ్ కంపెనీ, తమ పెడల్స్ రూపాన్ని అనుకరించారని బెరింగర్ కంపెనీ మీద 2005లో కేసు వేసిందని, తర్వాత ఇద్దరూ రాజీ పడ్డారని చదివాం. పేటెంటు లేని సర్క్యూట్‌ను ఎవరైనా కట్టుకోవచ్చు. పేరునూ రూపాన్నీ ఎత్తుకుపోతేనే చట్టానికి తగులుతుంది. ఇది మాకు న్యాయంగానే తోచింది.

బోటీక్ పెడల్ అనే మాట కూడా అప్పుడే విన్నాం. చిన్న కర్మాగారంలో ఒకరిద్దరు మనుషులు చేత్తో కూర్చి చేసే పెడల్‌ను అలా అంటారట. అమెరికాలో బిల్ ఫినెగన్ అనే ఆయన 1994 నుంచి సుమారు పదిహేనేళ్ళపాటు క్లాన్ సెంటార్ అనే పెడల్ తయారుచేశాడు. మొత్తం కలిపి ఎనిమిది వేల దాకా చేశాడు. లోపలి సర్క్యూట్ ఎవరికీ కనబడకుండా దాని మీద నల్లటి జిగురు పోసేవాడు. అయినా కాపీలు ఆగలేదు. ఆయన చేతి పెడల్ ఇవాళ పాతది కొనాలన్నా లక్షల్లో మాట. తన పెడల్ పేరునూ రూపునూ వాడుకున్నారని ఆయన 2024లో బెరింగర్ మీద కోర్టుకు వెళ్ళాడు. మన దేశంలోనూ ముంబైలో యానిమల్ ఫ్యాక్టరీ ఆంప్లిఫికేషన్ అనే చిన్న సంస్థ సొంతంగా పెడల్స్ చేసి పేరు తెచ్చుకుంది.

ఫినెగన్ కథ చదివి ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఒక మనిషి తన చెవితో, తన చేత్తో ఏళ్ళ తరబడి సాధించిన మోత! దానికి ఎంత విలువ ఇవ్వాలి! చివరికి డబ్బు లేక కాపీ పెడలే కొన్నాం. కానీ వేదిక మీద దాన్ని అసలు కంపెనీ పేరుతో చెప్పుకోకూడదని, ఉద్యోగాలు వచ్చాక చేత్తో చేసినది ఒకటి కొనాలని తీర్మానం చేసుకున్నాం. మేమెంత న్యాయవంతులమో అని మాకే ముచ్చటేసింది.

ఇక డప్పులు. ఈ చర్చ ఐదు నిమిషాల్లో ముగిసింది.

"ఫైబర్ డప్పులు తెద్దాం" అన్నాడు ఒకడు. చౌక అన్నాం. వేడి చేసే పని ఉండదన్నాం. మన సముద్రపు గాలికి, ఫిబ్రవరి మంచుకు తోలు మెత్తబడిపోతుంది, ఫైబర్‌కైతే నట్లు బిగిస్తే చాలన్నాం. అందరూ చేతులెత్తారు. తోలు డప్పు చేసేవాడి చెవి గురించి గానీ, చెయ్యి గురించి గానీ ఎవరూ మాట్లాడలేదు. ఏ రాత్రీ నిద్ర చెడలేదు. అందరికంటే ముందు చెయ్యి ఎత్తినవాడు ఎవరో మాకు బాగా గుర్తుంది. వాళ్ళ నాయన డప్పులు చేస్తాడు.

వార్షికోత్సవం రోజు ఆయన వచ్చాడు. తెల్లచొక్కా వేసుకుని చివరి వరుసలో కూర్చున్నాడు. కార్యక్రమం అయ్యాక వేదిక దగ్గరికి వచ్చి ఫైబర్ డప్పు చేతిలోకి తీసుకున్నాడు. అంచు తడిమాడు. గోటితో రెండుసార్లు తట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"బాగుండాది నాయనా. మంచుకి మెత్తబడదు గదా. ఎంత పెట్టి తెచ్చారు పిలకాయలూ?"

రెండూ కలిపి నాలుగు వేలని చెప్పాం.

ఆయన కాసేపు డప్పు వైపే చూశాడు. "ఆ డబ్బుకి నేనే రెండు చేసిచ్చి ఉండేవాణ్ణి. మీరు అడగలేదే" అన్నాడు. కోపం లేదు. నిష్ఠూరం కూడా లేదు. డప్పు జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, ఆఖరి బస్సుకు టైమైందని వెళ్ళిపోయాడు.

చౌక అన్నది అబద్ధమని ఆ నిమిషంలో తేలిపోయింది. అసలు మేము ధర అడిగితే కదా!

ఆ రాత్రి గదిలో వాళ్ళబ్బాయి నోరు విప్పాడు. "నేనే ముందు చెయ్యెత్తినా. ఎవరన్నా మా నాయన పేరెత్తుతారేమోనని భయమేసింది. ఆరో తరగతిలో నేను హాస్టల్‌కి వచ్చినప్పుడు నా పెట్టెలో బట్టలు తోలు వాసన కొడుతున్నాయని పక్కన పడుకునేవాళ్ళు చాపలు జరుపుకున్నారు. అది నేను మర్చిపోలా."

చాపలు జరుపుకున్నది ఎవరు? బయటివాళ్ళు కాదు. మా ఆరుగురిలో ఇద్దరు ఆనాడు అదే హాస్టల్‌లో ఉన్నారు. ఊరు మమ్మల్ని ఎంత దూరం పెట్టిందో, మేము వాడిని అంత దూరం పెట్టాం.

చేత్తో చేసిన వస్తువు అమెరికాలో తయారైతే బోటీక్. మన పల్లెలో తయారైతే నాటు. కోడి దగ్గర మాత్రం మనకు ఈ తేడా లేదు. ఫారం కోడి కంటే నాటుకోడికి ఎక్కువ డబ్బు పెట్టి, నెల్లూరు నుంచి వచ్చిన చుట్టానికి గొప్పగా వండి పెడతాం. డప్పు దగ్గరికి వచ్చేసరికి నాటు అన్నమాట చులకనైపోతుంది. ఎందుకంటే కోడి వెనక కులం కనబడదు, తోలు వెనక కనబడుతుంది.

ఆ సెలవుల్లో మేము వాళ్ళింటికి వెళ్ళాం. ఆయన పని చూశాం. తోలును సున్నపు నీళ్ళలో నానబెట్టి వెంట్రుకలు తీస్తాడు. కర్ర ముక్కలను గుండ్రంగా అతికి చట్రం కడతాడు. చింతగింజల జిగురు పట్టించి, తడి తోలును చట్రం మీద లాగి బిగిస్తాడు. ఎక్కడ ఎంత లాగాలో కొలత లేదు, వేళ్ళకే తెలుసు. ఆరాక సిర్రతో ఒక దెబ్బ, సిటికెన పుల్లతో ఒక దెబ్బ వేసి వింటాడు. నచ్చకపోతే విప్పి మళ్ళీ మొదలు పెడతాడు. ఫినెగన్ చేసింది ఇదే కదా! కంచ ఐలయ్య గారు 2007లో పిల్లల కోసం ఇంగ్లీషులో రాసిన 'టర్నింగ్ ది పాట్, టిల్లింగ్ ది ల్యాండ్' పుస్తకంలో తోలు పనిని ఒక శాస్త్రంగా చెప్పారు. మేము ఆ పుస్తకం మీద సెమినార్ పేపరు కూడా రాసి మార్కులు తెచ్చుకున్నాం. మార్కులు వచ్చాయి గానీ బుద్ధి రాలేదు.

అలాగని ఫైబర్ డప్పును తిట్టడం లేదు. దాన్ని ఏదో ఫ్యాక్టరీలో పొట్టకూటికి పనిచేసే మనలాంటివాళ్ళే చేస్తారు. వానలో, మంచులో ఊరేగింపు నడిచేవాళ్ళకు అది మేలు. వాళ్ళ నాయనే మాతో అన్నాడు: "నా కొడుకు ఈ సున్నపు తొట్లో చెయ్యి పెట్టకూడదనే కదా హాస్టల్‌కి పంపించినా. తోలు పని పోతే పోనీండి. కానీ చేసినన్నాళ్ళూ చేసినోడికి ధర ఉండాల." ఇంతకంటే న్యాయమైన మాట మాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. తరతరాలుగా ఆ చేతులకు దక్కింది ధర కాదు, కళ్ళంలో విదిలించిన గింజలు. 1994లో మన పక్క ప్రకాశం జిల్లా ఈదుమూడిలో దండోరా ఉద్యమం పుట్టి, సిగ్గుపడమన్న ఆ డప్పునే ఆత్మగౌరవానికి గుర్తుగా మెడలో వేసుకుంది. 2024 జూలై నుంచి మన రాష్ట్రంలో డప్పు కళాకారుల పింఛను నెలకు 3,000 నుంచి 4,000 రూపాయలైంది. సంతోషం. వాయించినవాడికి పింఛను ఇవ్వడం ప్రభుత్వం పని. చేసినవాడికి ధర ఇవ్వడం కొనేవాడి పని.

డబ్బులేని విద్యార్థి కాపీ పెడల్ కొనడం పాపమని మేము ఇప్పటికీ అనుకోవడం లేదు. దాన్ని అసలుదని చెప్పి గొప్పలు పోకుంటే చాలు. కానీ చేతిలో డబ్బు ఉండి, చేసే మనిషి బస్సు దూరంలో ఉండి, కనీసం ధర అడగకుండా పక్కకు తిరిగి వెళ్ళడం వేరు. అక్కడ మేము మిగుల్చుకున్నది డబ్బు కాదు, సిగ్గును దాచుకున్నాం. ఏదైనా కొనేటప్పుడు చౌక అనే మాట వెనక ఇంకేం దాక్కుని ఉందో ఒక్కసారి చూసుకోండి తమ్ముళ్ళూ.

నిరుడు మేము ఆరుగురం స్కాలర్‌షిప్ డబ్బుల్లోంచి తలా కొంత తీసి, హాస్టల్‌కు ఒక తోలు డప్పు చేసిమ్మని ఆయన్ని అడిగాం. ఎంతవుతుందంటే "మీ ఇష్టం నాయనా" అన్నాడు. మా ఇష్టం కాదు, మీరే చెప్పాలన్నాం. ఆయన ఇబ్బంది పడ్డాడు. బతుకులో తన వస్తువుకు తానే ధర చెప్పిన అలవాటు లేదు. ఒక రాత్రి గడువు అడిగాడు. పొద్దున్నే కొడుకుతో ఫోన్ చేయించి, తోలుకింత, కర్రకింత, నాలుగు రోజుల కూలికింత అని విడివిడిగా చెప్పించాడు. మొత్తం 2,600. బేరం ఆడలేదు. కాగితం మీద ఆ లెక్క రాయించి, ఆయన వేలిముద్ర వేశాక డబ్బిచ్చాం. ఆ కాగితం హాస్టల్ ఫైల్లో ఉంది.

ఆ వార్షికోత్సవం సాయంత్రం మంచు దిగి డప్పు మెత్తబడింది. చిన్న తరగతుల పిలకాయలు తాటాకులు ఏరుకొచ్చి ప్రహరీ పక్కన మంట వేశారు. డప్పు కాగాక మొదటి దెబ్బ పడేసరికి గిటార్ వాయించేవాడు పెడల్ మీద నుంచి కాలు తీసేసి నిలబడ్డాడు. వాడికి పక్కనే డప్పు పట్టుకుని ఉన్నది, ఆరో తరగతిలో మేము చాప జరుపుకున్నవాడే. వాళ్ళ నాయన ఈసారి ముందు వరుసలో కూర్చున్నాడు.

తమ్ముళ్ళూ, ఆ డప్పు స్టోర్ రూంలో, కిటికీకి దూరంగా మేకుకు వేలాడుతోంది. వానాకాలంలో నేల మీద పెట్టకండి, చెమ్మ ఎక్కుతుంది. వాయించే ముందు సెగ చూపించండి, మరీ దగ్గరగా కాదు. తోలు ఎక్కడైనా చిరిగితే మీరు అతికించకండి. ఫైలు తీసి కాగితం వెనక చూడండి, ఆయన ఊరు రాసి ఉంది. వెళ్ళి అడగండి. ధర ఆయన్నే చెప్పనివ్వండి.