కసూర్ గోడది

విజయనగరంలో మా ఆపా కొడుకు పార్టులు కొని సొంతంగా కంప్యూటర్ బిగించాడు. బిస్మిల్లా అని స్విచ్ వేస్తే ఫ్యాన్లు తిరిగాయి గానీ, క్యాబినెట్ ముట్టుకుంటే చేతికి చిమచిమ. "మామూ, బోర్డు ఖరాబా?" అని పరేషాన్ అయ్యాడు.

ఎస్‌ఎంపీఎస్‌లోని ఫిల్టర్ కెపాసిటర్లు కాస్త కరెంటును బాడీకి వదులుతాయి. ఎర్త్ ఉంటే అది నేలలోకి పోతుంది. లేకుంటే 230లో సగం, దాదాపు 115 వోల్టులు బాడీ మీదే ఉంటాయి. ప్లగ్ తీసి సాకెట్‌లో మీటరు పెట్టాం. ఫేజ్, న్యూట్రల్ మధ్య 230 వచ్చింది. ఫేజ్, ఎర్త్ మధ్య రాలేదు. మూడో రంధ్రం వెనక తీగే లేదు!

ఆ చిమచిమ జాన్ తీయదు. అసలు ఖత్రా వేరే. ఏ రోజైనా ఫేజ్ తీగ బాడీకి తగిలితే, ఎర్త్ లేని ఇంట్లో ఫ్యూజు పోదు, ముట్టుకున్న మనిషి పోతాడు. ఫ్రిజ్, గ్రైండర్ ముట్టుకునే అమ్మీ, తడి నేల మీద చెప్పుల్లేకుండా తిరిగే బచ్చాలు అందరికీ అదే ఖత్రా.

ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ వేయించాం, చిమచిమ పోయింది. మీ ఇంట్లోనూ చూపించుకోండి. సాకెట్‌లో పట్టలేదని మూడో పిన్ను విరిచే ఆదత్ మాత్రం మానేద్దాం.