అన్నయ్య డైరీలో ఆరు కోరికలు

విశాఖపట్నంలో కాపురముండేవాళ్లకు సముద్రం కనబడదు. ఇది వేళాకోళం కాదు. పైఊరినుంచి చుట్టాలు దిగి, "బీచికి పోదాం పదండి" అంటే తప్ప మనం చెప్పులు తొడుక్కోము. నేను ఈ ఊళ్లో ముప్ఫై ఏళ్లకు పైగా ఉంటున్నాను. హార్బరు దగ్గర ఒక ఆఫీసులో లెక్కలు వ్రాసుకొంటాను. తల యెత్తితే కిటికీలో డాల్ఫిన్ నోస్ కొండ. దాన్ని దగ్గరగా చూచిన పాపాన పోలేదు. "ఎక్కడికి పోతుంది, ఉంటుంది గదా!" అనుకొనేవాణ్ణి. కొండ ఉంటుంది సరే, మనం ఉంటామా అన్న ప్రశ్న నాకు తోచలేదు. మా అన్నయ్య పోయాక తోచింది.

అన్నయ్య ఉక్కు కర్మాగారంలో పనిచేశాడు. 1966లో "విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు" అని ఊరూరా జనం ఎలుగెత్తినప్పుడు వాడు రెండేళ్లవాడు. మా నాన్న భుజంమీద కూర్చుని ఊరేగింపు చూచాడట. 1971లో శంకుస్థాపన జరిగింది. 1992లో కర్మాగారాన్ని జాతికి అంకితం చేసేనాటికి వాడు అక్కడ ఉద్యోగి. అక్కడి ఊదుడు కొలుములకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. ఆ నదుల ఒడ్డునే వాడి జీవితమంతా గడిచిందనవచ్చు. ఒక వారం పగలు, ఒక వారం సాయంత్రం, ఒక వారం రాత్రి. ఎప్పుడు ఎక్కడికి రమ్మన్నా ఒకటే మాట: "రిటైరు కానీరా, అప్పుడు చూద్దాం."

2024లో రిటైరయ్యాడు. దండలు వేసి, శాలువా కప్పి పంపించారు. నాలుగు నెలలైనా తిరక్కుండా గుండెపోటుతో వెళ్లిపోయాడు.

సంవత్సరీకాలైన తరువాత, మా వదిన బీరువా సర్దుతూంటే 2021 నాటి డైరీ ఒకటి దొరికింది. చివరి పుటలో ఒక వార్తాపత్రిక ముక్క అంటించి ఉంది. ఆ ఏడు డిసెంబరులో తంతడి తీరాన జాలరుల వలలో తిమింగల సొర పడింది. ప్రపంచంలో చేపలన్నిటిలోకీ పెద్దది అది. చూస్తే గుండె జారే ఆకారమే గాని, నోరు తెరిచి నీళ్లలోని నలుసులవంటి ప్రాణులను వడగట్టుకొని తినే సాధువు. అటవీశాఖవారూ జాలరులూ కలిసి దాన్ని మళ్లీ లోతు నీళ్లలోకి సాగనంపారు. ఆ ముక్క కింద అన్నయ్య ఇలా వ్రాసుకొన్నాడు: "ఇంత దగ్గరికి వచ్చింది. నాకు డ్యూటీ. వెళ్లలేకపోయాను." దానికింద ఒకటినుంచి ఆరువరకు అంకెలు వేసిన కోరికల జాబితా.

హిమాలయాలు లేవు, సింగపూరు లేదు. అన్నీ మన చుట్టుపక్కలవే. కంబాలకొండలో చిరుతపులిని చూడాలి. కొండకర్ల ఆవలో దోనె ఎక్కాలి. అరకు రైలులో సొరంగాలు లెక్కపెట్టాలి. ఎర్రమట్టి దిబ్బల్లో దారి తప్పాలి. సముద్రం మీదినుంచి మన ఊరు చూడాలి. తాబేలు పిల్లలు నీళ్లలోకి పోవడం చూడాలి. ప్రతి కోరిక పక్కనా ఒకే మాట - "ఇద్దరం."

వదిన డైరీ నా ముందు పెట్టి, "నాలుగేళ్లు ఈ గదిలోనే ఉంది. నాతో ఒక్కమాట అనలేదు" అన్నది. కాసేపు ఊరుకొని, "రిలీవరు లేకపోతే పక్కవాడు డబుల్ డ్యూటీ చెయ్యాలని మీ అన్నయ్య అనేవారు. ఈ డ్యూటీ నువ్వు చెయ్యాలయ్యా" అన్నది. ముప్ఫై ఏళ్లు షిఫ్టు ఉద్యోగి భార్యగా ఉన్న మనిషి. ఆ మాటకు నేను ఎదురు చెప్పలేదు.

కార్తీకమాసంలో వనభోజనాల రోజులు చూసి మొదటి కోరికకు బయలుదేరాం. కంబాలకొండ అంటే ఎక్కడో అనుకొనేరు! జాతీయ రహదారి పక్కనే. లారీల హారను వినబడుతూండగానే అడవి మొదలవుతుంది. ఒకప్పుడు విజయనగరం మహారాజులదైన ఈ అడవి 1970లో అటవీశాఖకు వచ్చింది. 2002లో దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు. డెబ్భై చదరపు కిలోమీటర్ల పైచిలుకు. ఇంత పెద్ద నగరానికి ఇంటి వెనక పెరడులాగా ఇంత అడవి ఉండడం మన అదృష్టం.

తెల్లవారుజామునే వెళ్లాలి. ముదురురంగు బట్టలు, చప్పుడు చేయని బూట్లు, నీళ్లసీసా - ఇవి చాలు. మావాడు ఏడో తరగతి. కారప్పూస పొట్లం విప్పబోతే దారి చూపే కుర్రవాడు నోటిమీద వేలు పెట్టాడు. ఎండుటాకులమీద మా అడుగుల చప్పుడు మాకే పెళ్లిబాజాలాగా వినబడింది. ఒకచోట అడవిపందులు నేల తవ్విపోసిన గుంటలు. ఒకచోట నెమలి కూత. వదినకు మోకాళ్ల నొప్పి. పది అడుగులకొకసారి ఆగేది. ఆగిన ప్రతిసారీ ఏదో ఒకటి మాకంటే ముందు ఆమెకే కనబడేది. గబగబ నడిచే మాకు అడవి కనబడలేదు.

వాగు పక్క తడిమట్టిలో ఆ కుర్రవాడు కూర్చుని చేయి చూపించాడు. గుండ్రని మెత్తని అడుగుజాడ, నాలుగు వేళ్లు. "కుక్కదైతే గోళ్ల గుర్తులుంటాయమ్మా. చిరుత గోళ్లు లోపలికి ముడుచుకొని నడుస్తుంది. రాత్రే వెళ్లింది" అన్నాడు. మా గుండెలు ఒక్కసారి దడదడలాడాయి. గంటసేపు కూర్చున్నాం. చిరుత రాలేదు. "మీరు చూడలేదు గాని, అది మిమ్మల్ని చూచే ఉంటుంది" అని ఆ కుర్రవాడు మమ్మల్ని ఓదార్చాడు. అది ఓదార్పో బెదిరింపో తెలియలేదు.

తిరిగి వస్తూంటే మావాడికి ఉపాయం తోచింది. పక్కనే జంతుప్రదర్శనశాల ఉంది గదా. 1977లో తెరచినది, 625 ఎకరాలు. "అక్కడ చిరుత ఉంటుంది. చూసేసి టిక్కు పెట్టేద్దాం పెద్దమ్మా!" అన్నాడు. జంతుశాలకూ వెళ్లాం, చిరుతనూ చూచాం. వదిన మాత్రం టిక్కు పెట్టనివ్వలేదు. "ఆయన వ్రాసింది కంబాలకొండలో అని. ఇది కటకటాల్లో" అన్నది.

సంక్రాంతి వెళ్లాక కొండకర్ల ఆవకు వెళ్లాం. ఇది అనకాపల్లి జిల్లాలో, అచ్యుతాపురం దగ్గర, కొండల నడుమ ఒదిగిన మంచినీటి సరస్సు. చలికాలంలో దూరదేశాల పక్షులు వచ్చి దిగుతాయి. ఇక్కడి దోనె చూడవలసిన వస్తువు. రెండు తాటిబోదెలను లోపల తొలిచి, పక్కపక్కన కట్టి, పైన కూర్చోవడానికి చెక్క వేస్తారు. వెదురు గెడతో పొడుస్తూ పోతారు. ఎక్కబోతూ వదిన తటపటాయించింది. "బయమేటీ నేదమ్మా! ఈ దోని మీకంటే బరువైన దాన్యం బస్తాలు మోసీసింది" అన్నాడు దోనెవాడు. ఆ మాటకు వదిన నవ్వింది. అన్నయ్య పోయాక ఆమె నవ్వగా అదే మొదటిసారి వినడం.

తామరాకుల మధ్య సన్నని నీటిదారి. గెడ నీళ్లలో దిగిన చప్పుడు తప్ప మరొకటి లేదు. పొడుగాటి కాలివేళ్లున్న పిట్ట ఒకటి తామరాకులమీద మనం చాపమీద నడిచినట్లు నడచిపోయింది. ఆ వేళ్లు బరువును పరచడంవల్లనే ఆకు మునగదు. నీటికాకులు మోడుమీద రెక్కలు ఆరేసుకొని కూర్చున్నాయి. నీలిరంగు బొల్లికోళ్లు తుంగలో దూరాయి. దూరాన సూదితోక బాతుల గుంపు. మావాడు చప్పట్లు కొట్టాలని చేతులెత్తితే దోనెవాడు పట్టుకొన్నాడు. "అవి ఎంతో దూరం ఎగిరొచ్చి అలిసిపోయి ఉంటాయి బాబూ, లేపకు" అన్నాడు. ఆ ఒక్కమాటలో పక్షిశాస్త్రం సగం ఉంది.

మూడూ నాలుగూ కోరికలు త్వరగానే తీరాయి. అరకు రైలు పొద్దున్నే కదులుతుంది. అద్దాల పెట్టెలో చోటు కావాలంటే ముందుగా రిజర్వు చేసుకోవాలి. కొత్తవలస-కిరండూల్ లైనును 1960 తరువాతి సంవత్సరాల్లో వేశారు, బైలదిల్లా ఇనుపరాయిని మన రేవుకు దించడానికి. లైను మొత్తంమీద యాభైఎనిమిది సొరంగాలంటారు. ముప్ఫైవరకు లెక్కపెట్టాం. ఇంతలో టీ వచ్చింది, లెక్క తప్పింది. ఎదురుగా ఇనుపరాయి గూడ్సు ఒకటి దిగివస్తూంటే వదిన కిటికీకి ముఖం ఆనించి, ఆఖరు పెట్టె దాటేవరకు చూచింది. ఆ రాయే కదా అన్నయ్య కొలిమికి చేరేది! జీవితమంతా దాన్ని కరిగించినవాడు అది వచ్చే దారిని ఒక్కసారి చూడలేదు.

ఎర్రమట్టి దిబ్బలు భీమిలి దారిలో ఉన్నాయి. వేల సంవత్సరాల క్రితం సముద్రం వెనక్కు తగ్గినప్పుడు గాలి పోగుచేసిన ఇసుక, లోపలి ఇనుము తుప్పుపట్టి ఇలా ఎర్రబడింది. వానలు దాన్ని కోసి సందులు గొందులు చేశాయి. 2014లో దీన్ని భూవారసత్వ స్థలంగా గుర్తించారు. దారి తప్పాలన్న కోరిక మావాడి పుణ్యమా అని పావుగంటలో తీరింది. గట్లమీద ఎక్కకండి, చేత్తో రాస్తే రాలిపోయే మట్టి అది.

అయిదోది పడవ షికారు. దానిగూర్చి ఎక్కువ చెప్పలేను. సగంసేపు నేను పడవ అంచు పట్టుకొని తల దించుకొనే ఉన్నాను. డాల్ఫిన్ నోస్ నీళ్లమీదినుంచి చూస్తే తెలుస్తుంది, 1933లో రేవు ఇక్కడే ఎందుకు తెరిచారో. ఆ కొండ ఓడలకు గొడుగు పట్టినట్లు నిలబడింది. కొండ చాలదని, ఆ రోజుల్లో రెండు పాత ఓడలను రాళ్లతో నింపి ముంచి అలలకు అడ్డుకట్ట వేశారట. డాల్ఫిన్లు మాత్రం కనబడలేదు. "ప్లాంటు ఎటువైపు?" అని అడిగింది వదిన. యారాడ కొండల వెనక అని చూపించాను. ఇక్కడినుంచి కనబడదు. అయినా ఆమె ఒడ్డు చేరేవరకు అటే చూస్తూ కూర్చుంది.

ఇక ఆరోది. ఆలివ్ రిడ్లీ అనే సముద్ర తాబేళ్లు చలికాలం చివర రాత్రివేళ మన ఒడ్డుకు వచ్చి గుడ్లు పెడతాయి. ఒరిస్సా తీరంలోలాగా వేలకువేలు కాదు, ఒకటీ అరా. వెనకకాళ్లతో కూజా ఆకారంలో గొయ్యి తవ్వి, నూరు గుడ్లకు పైగా పెట్టి, ఇసుక కప్పి, వెనక్కి చూడకుండా వెళ్లిపోతుంది తల్లి. కుక్కలూ నక్కలూ తవ్వి తినకుండా అటవీశాఖవారు జాలరుల సాయంతో ఆ గుడ్లను ఏరి, కంచె కట్టిన ఇసుకమళ్లలో మళ్లీ పాతిపెడతారు. ఏడెనిమిది వారాలకు పిల్లలు పైకి వస్తాయి. ఇసుక చల్లగా ఉంటే మగపిల్లలు, వేడిగా ఉంటే ఆడపిల్లలు ఎక్కువ.

మార్చినెలలో ఒకనాడు తెల్లవారకముందే సాగర్‌నగర్ ఒడ్డున ఉన్నాం. దారిలో ఇసుకమీద పెద్ద తాబేలు ఒకటి చచ్చి పడి ఉంది. ఒంటిమీద గాయం లేదు. తాబేలుకు నీళ్లలోనూ ఊపిరి కావాలి, పైకి వచ్చి పీల్చాలి. మరబోట్ల వలలో చిక్కుకొంటే రాలేదు. వలకు తప్పించుకొనే ద్వారం ఒకటి పెడితే అది బతుకుతుంది. వదిన పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకొని నిలబడిపోయింది. వెనక్కి వెళ్దామా అన్నాను. తల అడ్డంగా ఊపింది.

బుట్ట వంచారు. అరచేతిలో సగం లేని నల్లని పిల్లలు! కాసేపు కదల్లేదు. తరువాత తల ఎత్తి, అన్నీ ఒకేసారి వెలుతురువైపు తిరిగాయి. వెలుతురున్నచోటే నీళ్లున్నాయని వాటి నమ్మకం. అందుకే వీధిదీపాలు చూస్తే దారితప్పి రోడ్డుమీదికి వస్తాయి. మమ్మల్ని వెనక నిలబెట్టి, టార్చీలూ సెల్‌ఫోనులూ ఆర్పించారు. చేత్తో తీసి నీళ్లలో వేయబోయిన పెద్దమనిషిని ఆపారు. వాటిని నడవనివ్వాలి, ఆ నడకలోనే దిక్కు నేర్చుకొంటాయట. ఒక అల వచ్చి ఇరవయ్యింటిని వెనక్కి తోసింది. అవి బోర్లపడి, లేచి, మళ్లీ బయలుదేరాయి. అందరికంటే వెనక ఒకటి మిగిలింది. వదిన దానిపక్కన, దూరంగా, మోకాళ్లనొప్పి మరచి కూర్చుంది. "నడు, నడు తల్లీ" అంటూంది. చివరికి ఒక అల దాన్నీ ఎత్తుకొని పోయింది.

ఎన్ని బతుకుతాయని అడిగాను అక్కడి ఉద్యోగిని. "వెయ్యింటికి ఒకటి అంటారండీ. బతికిన ఆడతాబేలు పది పదిహేనేళ్లకు ఈ తీరానికే వచ్చి గుడ్లు పెడుతుంది" అన్నాడు.

ఇంటికి వచ్చి వదిన డైరీ తీసింది. అయిదు టిక్కులు పెట్టింది. మొదటిదానికి పెట్టలేదు. "అది అలాగే ఉండనీ. ప్రతి కార్తీకంలో ఒకసారి వెళ్లి కూర్చుందాం" అన్నది. తరువాత కలం నా చేతికిచ్చి, "ఏడు అని వేసి వ్రాయి" అన్నది.

"ఏమని?"

"ఇవాళ వెళ్లినవి గుడ్లు పెట్టడానికి వచ్చినప్పుడు చూడాలి. అప్పటికి నాకు డెబ్భై దాటుతాయి. పరవాలేదు, వ్రాయి."

వ్రాశాను. పక్కన ఏం వ్రాయాలో తోచక ఆగాను. వదిన డైరీ తీసుకొని తానే వ్రాసింది - "అందరం."