కంటి కొలత

మా తండ్రిగారు పాతదిగా కొని మాకు విడిచిపోయిన 1930వ సంవత్సరపు ఫోర్డు మోడల్ ఎ కారును మరల నడిపించెదనని మా తల్లిగారికి మాట యిచ్చితిని. గత వేసవి సెలవులలో దాని ఇంజనును విప్పించితిని.

అందు క్యాంషాఫ్టు అను ఉక్కుకడ్డీ కలదు. గ్రుడ్డువలె నొకవైపు ఉబికిన ఎనిమిది క్యాములు దానిపై నుండును. నాలుగు సిలిండర్లకు గల ఎనిమిది వాల్వులను లేపునవి యివియే. క్రాంక్‌షాఫ్టు రెండుమార్లు తిరుగులోపల ఇది ఒక్కమారు తిరుగును.

కడిగిన పిమ్మట అది నిగనిగలాడుచుండెను. “బాగుగనే యున్నది, బిగింపుము” అంటిని. ముసలి మేస్త్రీ నవ్వి, “మాస్టరుగారూ, కంటితో పాసు చేయరాదండీ” అని మైక్రోమీటరు తీసెను. ఏడు క్యాముల యెత్తు సరిపోయెను. ఎనిమిదవది అరిగియుండెను. దాని వాల్వు పూర్తిగా తెరచుకొనదు; ఆ సిలిండరునకు బలము తగ్గును.

క్రొత్త షాఫ్టు తెప్పించితిని. ఖర్చునకు వెరచి పాత టాపెట్లనే యుంచుదమంటిని. “పాతదానితో అరిగినవి క్రొత్తదానిని కొలదిదినములలోనే తినివేయునండీ” అనెను. వానినిగూడ మార్చి, పళ్లచక్రముల గుర్తులను ఎదురెదురుగా కలిపితిమి. ఒక్క పన్ను తప్పినను వాల్వులు వేళ తప్పి తెరచుకొనును.

ఇంజను మ్రోగిన సాయంకాలమున మా తల్లిగారు వరండాలోనికి వచ్చి, మాటాడక చాలసేపు నిలిచియుండిరి. మా తండ్రిగారు ఇల్లు చేరునపుడు వినబడు శబ్దమది.

బాలబాలికలారా! లెక్క చేసి చూపని జవాబునకు నేను మీకు మార్కులు తగ్గింతును. ఆ దినమున నాకు రావలసినది సున్నయే.